పుస్తకం నలగకుండా వేసవి గడపడం ఎలా?

శాఖా గ్రంథాలయంలో కొత్తగా చేరినవాళ్లకు ఏప్రిల్ ఆఖరు వారం పెద్ద గండం. బడులకు సెలవులిచ్చేస్తారు. మళ్లీ జూన్ 12 దాకా ఊళ్లో పిల్లలకు మామిడికాయలు కొట్టడం తప్ప పనుండదు. ఆ పనేదో వాళ్లను చేసుకోనివ్వకుండా పైనుంచి సర్క్యులర్ దిగుతుంది. వేసవి విజ్ఞాన శిబిరం పెట్టాలట, పిల్లల చేత పుస్తకాలు చదివించాలట, కథలు చెప్పించాలట. కంగారు పడకండి. 31 ఏళ్ల సర్వీసులో ఇలాంటి వేసవులు 31 దాటించినవాణ్ణి నేను. రిటైరైన రోజున స్టాక్ వెరిఫికేషన్ చేస్తే పదకొండు వేల చిల్లర పుస్తకాల్లో తగ్గింది ఒక్కటే. దాని సంగతి తర్వాత చెబుతాను. మిగతావన్నీ నాకెలా అప్పగించారో అలాగే, అంటుకున్న కాగితాలు విడదీయకుండా, అప్పగించి వచ్చాను. ఈ విద్య నాతోనే పోకూడదని రాస్తున్నాను.

ముందు శత్రువెవరో తెలియాలి. అందరూ చెదపురుగు అంటారు. పాపం అది ఒక మూల మొదలుపెట్టి పద్ధతిగా తింటూ పోతుంది. పాఠకుడు అలాకాదు. మధ్యలో తెరుస్తాడు, వేలు నాలిక్కి అద్దుకుని పేజీ తిప్పుతాడు, మూల మడుస్తాడు, పైగా "ఇలాంటిది ఇంకోటుందాండీ?" అని అడుగుతాడు. చెదలకు మందుంది, బొద్దింకలకు కలరా ఉండలున్నాయి. పాఠకుడికే మందు మనం తయారుచేసుకోవాలి.

సభ్యత్వం దగ్గరే సగం పని అయిపోతుంది. ఫారం అడిగితే లేదనకండి, ఇవ్వండి. నింపి తెచ్చాక ఫొటోలు మూడు కావాలనండి, గెజిటెడ్ సంతకం కావాలనండి. పిల్లలైతే నాన్నని తీసుకురమ్మనండి. నాన్న వస్తే అమ్మ సంతకం ఏదనండి. ఇద్దరూ కలిసి వస్తే రసీదు పుస్తకం అయిపోయిందనండి. లోకం తెలిసినవాడెవడైనా "ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నామయ్యా" అని నిలదీస్తే, ఆ డబ్బు పంచాయతీ దగ్గరే ఆగిపోయింది, మా దాకా రాలేదనండి. అబద్ధమాడటం ఇష్టంలేనివాళ్లు కూడా నిర్భయంగా చెప్పదగ్గ జవాబు ఇది.

ఇక బీరువాలు. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా ఉన్న ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో ఐదు సూత్రాల పుస్తకం వేశారు. పరీక్ష కోసం మనమందరం బట్టీ పట్టిందే. పుస్తకం ఉన్నది వాడుకోవడానికేనని మొదటి సూత్రంలోనే అనేశారాయన. అక్కడే నాకూ ఆయనకూ చెడింది. తక్కిన నాలుగింటి జోలికి పోలేదు. అయితే పూర్వం ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారని అదే పుస్తకంలో ఆయన రాశారు. ఎంత దివ్యమైన ఏర్పాటు! మనకు గొలుసులకు బడ్జెట్ లేదు కనుక తాళాలతోనే సరిపెట్టుకోవాలి. నా దగ్గర తాళంచెవులు 19 ఉండేవి. ఏది ఏ బీరువాదో చీటీ కట్టలేదు. మీరూ కట్టకండి. పాఠకుణ్ణి పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటే పెట్టి తిప్పుతూ పోవాలి. ఏడో చెవి దగ్గర "రేపొస్తాలెండి" అంటాడు. పంతొమ్మిదో చెవి దాకా కదలకుండా నిలబడ్డది నా మొత్తం సర్వీసులో ఒకే ఒక్క పిల్ల.

చిన్నపిల్లలు నోరు తెరిచి ఏదైనా అడిగితే అంకెల్లో జవాబివ్వాలి. కోతి కథలు కావాలంటే "398.2 చూసుకో" అనండి. తెలుగు పాటల పుస్తకమంటే "894.827" అనండి. డ్యూయీ దొర ఆ అంకెలు వేసింది దారి చూపడానికని కొందరంటారు. దారి తప్పించడానికి కూడా అంతే బాగా పనికొస్తాయి.

శిబిరం అసలు ఘట్టం ప్రారంభోత్సవం. ఫ్లెక్సీ మీద పెద్దల ఫొటోలు ఎవరివీ తప్పిపోకుండా చూసుకోండి. ఒక్క ఫొటో తగ్గినా మీ బదిలీ ఖాయం. పుస్తకం బొమ్మ లేకపోతే ఎవరూ అడగరు. ఫ్యాన్లు వేదిక వైపు తిప్పి, పిల్లలను ఎదురుగా కింద కూర్చోబెట్టండి. పుస్తకం అమ్మలాంటిది, గురువులాంటిది, దీపంలాంటిది అని రెండు గంటలు చెప్పించండి. దూరం నుంచి దండం పెట్టుకోవాల్సిన వస్తువని పిల్లలకు అర్థమవుతుంది. తర్వాత తలా ఒక పుస్తకం చేతికిచ్చి ఫొటో తీయండి. కొందరు తలకిందులుగా పట్టుకుంటారు, ఫర్వాలేదు, వాట్సాప్‌లో అంతగా కనబడదు. ఫొటో అయిన మరుక్షణం పుస్తకాలు వసూలు చేసి లెక్కపెట్టుకోండి. ఆపైన మజ్జిగ ప్యాకెట్లు. ముందు మజ్జిగ ఇచ్చి తర్వాత పుస్తకాలిచ్చినవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు.

మిగిలిన రోజులకు స్పోకెన్ ఇంగ్లీషు, చదరంగం, క్యారమ్స్, కాగితం పడవలు. అన్నీ నిరపాయకరం. భయపడవలసింది కథ చెప్పేవాళ్ల గురించే. ఒక వేసవిలో రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ ఉచితంగా చెబుతానని వచ్చింది. ఉచితమే కదాని ఒప్పుకున్నాను. బుద్ధి తక్కువై. నలభైమంది పిల్లలు చుట్టూ చేరారు. రాక్షసుడు గుహ తలుపు మీద చెయ్యి వేసేదాకా చెప్పి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "మిగతాది ఆ బీరువాలో ఉందర్రా" అంది. బీరువా అద్దం ఖరీదు నా జీతంలోంచి కట్టాను. అప్పటినుంచి ఎవరొచ్చినా నీతి ముందు చెప్పి కథ తర్వాత చెప్పాలని షరతు పెట్టాను. నీతి అయ్యేసరికి పిల్లల్లో సగంమంది వేపచెట్టు కింద ఉంటారు.

ఇంత చేసినా ఎవడో ఒకడు చదివి తీరతానంటాడు. వాడికి సారాంశం రాసే పని అప్పజెప్పండి. పుస్తకానికి రెండు పేజీలు, రచయిత పుట్టిన తేదీతో సహా. ఎక్కువ చదివినవాడికి బహుమతి ఇవ్వాల్సి వస్తే స్టీలు గ్లాసు ఇవ్వండి.

పెద్దవాళ్లతో అంత బెడద లేదు. పొద్దున 8 గంటలకు పింఛను పెద్దమనుషులు నలుగురొస్తారు. మెయిన్ పేపరొకరు, జిల్లా ఎడిషనొకరు, ఆటల పేజీ ఒకరు పంచుకుని సుఖంగా చదువుకుంటారు. పేపరు రాగానే దబ్బనంతో, పురికొసతో కుట్టేయండి. ముగ్గురికి కోపమొచ్చి వెళ్లిపోతారు, నాలుగోవారికి మాట్లాడే తోడులేక మర్నాటినుంచి రారు. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే కుర్రాళ్లను మాత్రం నెత్తిన పెట్టుకోండి. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం పేరు చెబితేనే అలాంటి వాళ్లు గుర్తొస్తారు. పుస్తకాలు సంచిలో వాళ్లే తెచ్చుకుంటారు, మన దగ్గర కుర్చీ, ఫ్యాను, ఫోను ఛార్జింగు చాలు. హాలు నిండుతుంది, బీరువా కదలదు. నవలలకొచ్చే ఆడవాళ్లకు మొదటి భాగం ఇచ్చి, రెండోది బైండింగుకు వెళ్లిందనండి. ఇది ఒక్కోసారి వికటిస్తుంది, బైండింగు నుంచి వచ్చిందా అని రోజూ వస్తారు.

పూర్వీకుల గొప్పలు విని మనసు చెడగొట్టుకోవద్దు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువలో తిరిగే పడవలో పుస్తకాలు పెట్టారు. చుట్టూ నీళ్లు, మధ్యలో కాగితం! ప్రయాణికులు ఎక్కి చదువుకున్నారు, గట్టు మీది ఊళ్లవాళ్లకూ అందించారు. దీన్ని ఉద్యమం అని ఇప్పటికీ వారోత్సవాల్లో పొగుడుతూనే ఉన్నారు. ఆ పుస్తకాల్లో తడిసినవెన్ని, తిరిగి రానివెన్ని అని ఒక్కరైనా అడగరే! నన్నడిగితే, వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం చూసి నేర్చుకోవాలి. పాత పత్రికల కోసం పరిశోధకులు అక్కడికి బళ్లు కట్టుకుని వెళతారంటారు, ఆ దురలవాటు వాళ్లకూ ఉంది. కానీ గాంధీజీ చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా ఉంచారు. ఇంటికి పట్టుకెళ్లి రెండు వారాల్లో తెచ్చిస్తామని దాన్ని ఎవరూ అడగరు. వస్తువంటే అలా ఉండాలి.

ఇప్పుడా పోయిన పుస్తకం. చందమామ సంచికలు పన్నెండు కలిపి కుట్టిన బైండు. పంతొమ్మిదో చెవికి తలుపు తెరుచుకుంది కనుక, చేసేదిలేక ముద్ర వేసి ఆ పిల్లకిచ్చాను. తేదీ చీటీ మీద అదే మొదటి ముద్ర. మరుసటి వారమే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. పిల్లా పోయింది, బైండూ పోయింది. కొన్నాళ్లు చూసి రైటాఫ్ రాశాను.

నేను రిటైరయ్యే ముందు వేసవిలో, అంటే 23 ఏళ్లకు, ఆ పిల్ల తొమ్మిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "సార్, ఫైనెంతైందో చెప్పండి" అంటూ బైండు బల్లమీద పెట్టింది. రోజుకు పది పైసల లెక్కన, లీపు సంవత్సరాలతో కలిపి 840 రూపాయలైంది. పుస్తకం తెరిచి చూద్దును కదా, కడుపు తరుక్కుపోయింది. అట్టకు క్యాలెండరు కాగితం, వెన్నుకు చీర అంచు, పేజీలకు మైదా జిగురు. మధ్యలో ఎక్కడో ఆవకాయ నూనె మరక. నేనంటించిన తేదీ చీటీ కింద తను రూళ్లు గీసుకుని ఇంకో చీటీ అంటించింది, దాని కింద మరొకటి. ఊరూరా ఏ పిల్లలకిచ్చిందో, పేరు, తీసుకున్న రోజు, తెచ్చిన రోజు. రకరకాల చేతిరాతలు, కొన్ని ఒత్తులు తప్పినవి. అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"అమ్మా, రైటాఫ్ అయిన పుస్తకమంటే లేని పుస్తకం. లేనిదాన్ని తీసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు. ఫైనూ లేదు, పుస్తకమూ వద్దు, పట్టుకుపో" అన్నాను. పట్టుకుపోతుందనే అనుకున్నాను. ఈలోపల ఆ పిల్లవాడు బైండు లాక్కుని ఫ్యాను కింద నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడితో మజ్జిగ కోసం వచ్చిన పిల్లలు మరో ఇద్దరు చేరి, అటోడు ఇటోడు భుజం మీంచి తొంగిచూడటం మొదలెట్టారు. గోడ గడియారం చూస్తే పదిన్నరే అయింది. మూయడానికి ఇంకా అరగంట ఉంది.

కుర్చీ ఎక్కి పెద్దముల్లును పన్నెండు దాకా తిప్పాను. మీరు చేరగానే చేయవలసిన మొదటి పని, గడియారాన్ని కుర్చీ ఎక్కితే అందే ఎత్తులో కొట్టించుకోవడం.