ఆయన పెంచడు, అదే పెరుగుతుంది

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీ నగర్ చౌరస్తా దాకా మెట్రో స్తంభాలకు అటూ ఇటూ ఉన్న కాలనీల్లో ఏ సందులో దూరినా ఓనరంకుల్ తగులుతాడు. పొద్దున్నే గేటు ముందు పైపుతో నీళ్లు కొడుతుంటాడు. వయసు అరవై దాటి ఉంటుంది. రిటైరై ఏళ్లయినా చేతి గడియారం తీయడు, మోటారు టైము దాని మీదే నడుస్తుంది మరి. ఆరుంబావుకు వేసి ఆరూ నలభైకి కట్టేస్తాడు. తలకు షాంపూ రుద్దుకున్నాక ఆరూ నలభై అయిందని తెలుసుకున్నవాళ్లు ఆ ఇంట్లో చాలామంది కాపురం చేసి వెళ్లారు.

ఆయన జీవితచరిత్ర అన్ని కాలనీల్లోనూ దాదాపు ఒకటే. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చాడు. ఎల్బీ నగర్ ఇంకా వేరే మున్సిపాలిటీగా ఉన్న రోజుల్లో, అందరూ "అడవిల ఎవడుంటడురా" అంటుంటే, రెండు వందల గజాలు కొన్నాడు. పీఎఫ్ లోను, ఆంటీ నగలు, ఊళ్లో ఎకరంన్నర అన్నీ కలిసి ఆ రెండు వందల గజాల మీద నిలబడ్డాయి. కింద రెండు పోర్షన్లు, మధ్యలో తను, పైన ఇంకో రెండు, ఆ పైన ఏ ప్లానులోనూ కనబడని పెంట్‌హౌసు. అప్పటి సిమెంటు బస్తా ధర, మేస్త్రీ కూలీ, కంకర లారీ రేటు ఆయనకు నోటికి వచ్చు. ఆ ఖర్చు ఇంకా పూడలేదని ఆయన నమ్మకం. ముప్ఫై ఏళ్లుగా పూడుస్తున్నది మనమేనన్న సంగతి మర్యాదకు ఎవరూ గుర్తుచేయరు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలను గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. "గ్రేటర్ అయినంక గదే కిరాయి అంటె ఎట్ల?" అన్న వాక్యం అప్పుడు పుట్టింది. ఆ తర్వాత ముందు మాట మాత్రమే మారుతూ వచ్చింది.

ఓనరంకుల్ ఎప్పుడూ అద్దె పెంచడు. ఒట్టు. "పెంచుతున్నా" అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు. అద్దె దానంతటదే పెరుగుతుంది, ఆయన మెట్లెక్కి వచ్చి ఆ కబురు చెబుతాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో మనకంటే ఎక్కువ బాధ కనిపిస్తుంది. చెప్పు విడిచి లోపలికొచ్చి, పిల్లల చదువులు అడిగి, మంచినీళ్లు తాగి, ఫ్యాను వంక కాసేపు చూసి, "ఏం జెయ్యాలె తమ్మీ, ఏరియా గట్లైంది" అంటాడు.

ఏరియా ఎట్లయిందో తెలియాలంటే ఆయన పేపరు చదివే తీరు చూడాలి. మొదటి పేజీ జోలికి పోడు. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయినా పెంట్‌హౌసు అద్దె పెరగదు గదా! సిటీ పేజీలోకి నేరుగా దిగుతాడు. ఫ్లైఓవరు, అండర్‌పాసు, నాలా విస్తరణ, వీధి దీపాలు, ఏదీ వదలడు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీ నగర్ మెట్రోను గవర్నరు ప్రారంభించారు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల చుట్టుపక్కల ఆ సాయంత్రం ఎంతమంది ఓనరంకుళ్లు మెట్లెక్కి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆయన మాత్రం మెట్రో ఎక్కడు. ఆంటీ ఎలాగూ ఎక్కదు, 2023 డిసెంబరు నుంచి ఆమెకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఎక్కేది మనం, టికెట్టు కొనేది మనం, స్టేషను దగ్గరున్నందుకు ఆయనకు విడిగా కట్టేదీ మనమే. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఇంకో లైను వేద్దామని 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం అనుకుంది. చింతలకుంట అవతల స్తంభం కోసం గుంత కూడా తవ్వకముందే అద్దె ఆ స్టేషన్లలో దిగి కూర్చుంది.

పండ్ల మార్కెట్టు సంగతి ఇంకా గొప్పది. కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్లూ, "ఇంటి పక్కకే మార్కెట్, పండ్లు అగ్గువకు దొరుకుతయ్" అని ఒక పెంపు. మార్కెట్టును బాటసింగారం తరలించాక, "లారీలు బోయినయ్, కుళ్లిన వాసన బోయింది, ఏరియా క్లీన్ అయింది" అని ఇంకో పెంపు. ఆ ఖాళీ జాగాలో టిమ్స్ పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

"పెద్ద దవాఖాన వస్తుంది తమ్మీ. గింత దగ్గర దవాఖాన ఎవరికుంటది జెప్పు?"

"ఇంట్లో అందరం బాగానే ఉన్నాం కదా అంకుల్."

"ఉండాలె. ఎప్పటికీ ఉండాలె. కాని దవాఖాన అయితె ఉన్నది గద."

మార్కెట్టు ఉన్నా పెరిగింది, పోయినా పెరిగింది, దాని బదులు వేరేది వచ్చినా పెరిగింది. ఈ తర్కంలో దిగిన అద్దె ఎక్కడా లేదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగి, ఫ్రిజ్జులు డాబాలెక్కిన వారంలో ఓనరంకుల్ పేపరు చదవడం మానేశాడు. "అప్పుడు తగ్గించాల్సింది కదా" అని ఇప్పుడెవరైనా అంటే, "అది దేవుని పని" అంటాడు. మెట్రో గవర్నమెంటు పని, దవాఖాన గవర్నమెంటు పని, వాన మాత్రం దేవుడి పని.

ఆ ఏడాదే లాక్‌డౌన్‌లో మూడు నెలలు అద్దె అడగొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోమని ప్రభుత్వం చెప్పింది. ఓనరంకుల్ అక్షరాలా పాటించాడు. అడగలేదు. రోజూ సాయంత్రం మెట్ల మీద నిలబడి మాస్కు సర్దుకుంటూ "అందరు మంచిగున్నరా?" అన్నాడు. ఆ "మంచిగున్నరా"కు మూడో రోజే ఫోన్‌పే చేసినవాళ్లున్నారు.

ఇక ఉచిత పథకాలు. ఇవి సర్కారు మనకిచ్చినవని మనం అనుకుంటాం. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీళ్లు ఉచితమన్నారు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కరెంటుకు జీరో బిల్లు. ఓనరంకుల్ వేళ్లు మడిచి లెక్క చెబుతాడు. "మంజీరా నీళ్లు ఫిరీ. కరెంటు ఫిరీ. ఎంత లేదన్నా నెలకు వెయ్యి మిగులుతది. అంత నన్నియ్యమంటలేను, అయిదొందలు నువ్వే ఉంచుకో." ఆ పేటకు వచ్చేవి కృష్ణా నీళ్లే అయినా ఆయనకు కుళాయి తిప్పితే వచ్చేదల్లా మంజీరాయే, అది వేరే సంగతి. జీరో బిల్లు తెల్ల రేషన్ కార్డున్నవాళ్లకే అంకుల్, మాకు లేదు అంటే ఒక్క క్షణం ఆలోచించి, "అప్లయ్ చెయ్యి మరి" అంటాడు. మన దగ్గర మిగలాల్సిన డబ్బు మిగలకపోవడం మన బద్ధకం కింద జమవుతుంది.

ఎప్పుడు రావాలో కూడా ఆయనకు బాగా తెలుసు. పంచాంగం చూసి వస్తాడు. ఆషాఢం పడిన రెండో రోజో మూడో రోజో వస్తాడు. శూన్యమాసంలో ఇల్లు మారే ధైర్యం మన అమ్మకు లేదు, మన అత్తగారికి అసలే లేదు. పైగా పిల్లలను బడిలో వేసి అప్పుడే ఫీజు కట్టి ఉంటాం, చైతన్యపురి ఆటోవాడితో నెలకింత అని మాట్లాడుకుని ఉంటాం. డీసీఎం పిలిచి సామాను ఎక్కించాలంటే శ్రావణం రావాలి. ఈ నెల రోజుల్లో "ఖాళీ చేస్తాం" అని బెదిరించినా ఆయన నవ్వుతూ, "మంచి రోజు చూస్కొని చెయ్యి" అంటాడు. అనుభవమున్న కిరాయిదారు ఈ మాట పుష్యంలో ఎత్తుతాడు. పుష్యంలో కొత్తవాళ్లు ఇంట్లో దిగరు, టులెట్ బోర్డు నెలంతా గాలికి ఊగుతుంది, ఓనరంకుల్ గొంతు రెండు మెట్లు దిగుతుంది. మా పేటలో అద్దె గొడవలు తేలేది కోర్టుల్లో కన్నా తిథుల్లోనే ఎక్కువ.

కోర్టు దగ్గర లేక కాదు, రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీ నగర్‌లోనే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టమూ ఉంది. కాకపోతే 2005లో దాన్ని సవరించి, నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను దాని పరిధిలోంచి తీసేశారు. ఆ డబ్బుకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో ఓ మంచం, దాని మీద సగం పరుపు వస్తే గొప్ప. 2021లో కేంద్రం నమూనా కిరాయి చట్టం ఒకటి తయారుచేసి, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని అందులో రాసింది. ఓనరంకుల్‌కు అది చదివి వినిపిస్తే, "మూన్నెల్ల కింద్నే జెప్పిన గద, మెట్లమీద" అంటాడు. చెప్పాడు కూడా. "టమాట కిలో ఎంతుందో చూసినవా?" అని ఆ రోజు అన్నది అదేనని మనకు తెలియలేదు.

కిరాయిదారు చేతిలో నిజంగా పదునున్న ఆయుధం ఒకటే ఉండేది. ఏడాది అద్దె లక్ష దాటితే, ఆఫీసులో హెచ్ఆర్ఏ మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. మాటల మధ్యలో మెల్లగా, "అంకుల్, రసీదు మీద మీ పాన్ నంబరు కూడా రాసివ్వండి" అంటే చాలు. అప్పటిదాకా ఫ్లైఓవర్లు లెక్కపెడుతున్న మనిషికి హఠాత్తుగా మోటారు గుర్తొస్తుంది. ఇంటి పన్నుకు ఆయన చూపించిన అద్దె వేరు, మన ఫోన్‌పేలో ఉన్నది వేరు, ఇన్‌కం ట్యాక్స్‌కు తెలిసినది ఇంకా వేరు. ఆ మూడూ ఒక కాగితం మీద కలుసుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. అయితే కొత్త పన్ను విధానంలో హెచ్ఆర్ఏ మినహాయింపే లేకుండా పోయింది. ఆ వార్త చదివిన పొద్దున గేటు ముందు ఆయన మామూలుకంటే ఎక్కువసేపు నీళ్లు కొట్టాడు.

ఇంతా చేసి, అసలు ఓనరు ఆంటీ. ఆయన అంకె చెబుతాడు, దాన్ని ఖాయం చేసేది ఆమె. ఎవరింట్లో చుట్టాలు ఎన్నాళ్లున్నారో, ఏ పోర్షన్లో వాషింగ్ మెషీను ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకు లెక్క. ఆ లెక్క ఎప్పుడూ లెక్కలా బయటికి రాదు. "మీ అత్తమ్మ ఇంకా ఉన్నదా బిడ్డా? ఉండనియ్ పాపం, పెద్ద పానం" అన్న రూపంలో వస్తుంది. మామూలు రోజుల్లో ఆమె పైకి చింతకాయ తొక్కు గిన్నెతో పంపుతుంది, పైనుంచి ఆ గిన్నెలో పులిహోరో పాయసమో దిగుతుంది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఆ మెట్ల మీద ఎన్నడూ జరగలేదు. అద్దె మాట మొదలైన వారం గిన్నె ఆగిపోతుంది. ఇద్దరు మగవాళ్లు పైన హాల్లో ఐదు శాతం, పది శాతం అని కొట్టుకుంటుంటే, కింద నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఒక్క అంకె కూడా పలక్కుండా సంగతి తేల్చేస్తారు. మర్నాడు గిన్నె పైకి వచ్చిందంటే బేరం కుదిరినట్టు. ఎంతకు కుదిరిందో మగవాళ్లకు ఆ సాయంత్రం చెబుతారు.

బేరం తీరు అందరికీ తెలిసిందే. అద్దె పద్నాలుగు వేలనుకుంటే ఆయన పదహారు అంటాడు, మనం పద్నాలుగున్నర అంటాం, పదిహేను అవుతుంది. అది పదిహేను అవుతుందని ఇద్దరికీ మొదటి నిమిషంలోనే తెలుసు. అయినా గంటన్నర మాట్లాడాలి, లేకపోతే అవతలివాడు మోసపోయాననుకుంటాడు. ఈ గంటన్నరలో మనం బాత్రూం తలుపు వాచిందని, వంటింటి గోడ చెమ్మెక్కిందని చూపిస్తాం. ఆయన గోడ మీద చెయ్యి వేసి, తడి తగిలిన చేతిని లుంగీకి తుడుచుకుని, "ఏం లేదు తియ్, సల్లదనం" అంటాడు.

ఈమధ్య ఆయన ఫోను ఎత్తి మనల్నే సలహా అడిగే ఘట్టం ఒకటి కొత్తగా చేరింది. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. అక్కడ కిరాయిల్లే. "పది నెలల అడ్వాన్సు అడుగుతున్నరంట తమ్మీ! ఇప్పుడు మళ్ల పెంచుతరంట. మనుషులేనా వాళ్లు? పిల్లలు గలోళ్లని చూడొద్దా? గోడకు చెమ్మ ఉన్నదంట, అది బాగుచెయ్యకుండ పెంచుడేంది?" ఆవేశంలో చెయ్యి మన వంటింటి గోడకే ఆనించి మాట్లాడతాడు. ఇంగ్లీషులో బెంగళూరు ఓనరుకు పంపాల్సిన మెసేజీ మన చేతే టైపు చేయిస్తాడు. మెట్రో దగ్గరలో ఉండటం అద్దె పెంచడానికి కారణం కాదని, అది ప్రజల సొమ్ముతో కట్టిందని ఒక వాక్యం స్వయంగా చెప్పి రాయిస్తాడు. "గట్టిగ రాయ్" అని హెచ్చరిస్తాడు. తర్వాత కళ్లజోడు తీసి, "ఆఁ, మనం ఎక్కడున్నం? పదహారు" అంటాడు.

చివరికి ఇద్దరూ ఒకే బండి మీద కోర్టు దగ్గరి జిరాక్స్ షాపుకు వెళతారు. ఆనవాయితీ ప్రకారం అగ్రిమెంటు పదకొండు నెలలకే. స్టాంపు పేపరు ఎవరు కొనాలన్న దాని మీద ఇంకో పావుగంట గడిచి, చెరి సగం అవుతుంది. షాపులో కుర్రాడు పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి ప్రింటు కొడతాడు. మనం చదువుకుంటూ వస్తే, వచ్చే ఏడాది పెంపు దగ్గర అయిదు శాతం అనుకున్నది పది అని ఉంటుంది. చూపిస్తే ఓనరంకుల్ నిజంగానే నొచ్చుకుంటాడు. కుర్రాణ్ని నాలుగు మాటలంటాడు. ఆ తర్వాత మన భుజం మీద చెయ్యి వేస్తాడు.

"మార్చాలంటె మళ్ల కొత్త స్టాంపు పేపర్ గావాలె. నూరు రూపాయలు దండుగ. ఉండనియ్ తమ్మీ, మన మధ్యల కాయితమేంది? సంతకం పెట్టు."