ఫలితాలు ఆగినప్పుడు చేయాల్సిన తప్పు పనులు

ఎంట్రన్స్ రాశావు, ఫలితాలు వాయిదా పడ్డాయి. కీతో సరిచూసుకో, ర్యాంకు లెక్కేసుకో, ఈలోగా ఎక్కడో ఓచోట సీటు పట్టుకో అని ఇంట్లో అందరూ చెబుతూనే ఉంటారు. నేను చెప్పేవన్నీ వాటికి ఎదురు. పెద్దవాళ్లకు నచ్చవని తెలిసే చెబుతున్నాను.

కీ ఒక్కసారే చూడు. ఏదైనా జవాబు తప్పనిపిస్తే గడువులోగా అభ్యంతరం పెట్టు. అక్కడితో ఆపు, మార్కులు కూడొద్దు. 2024 నీట్ సంగతి చూడు. మే 5న పరీక్ష, జూన్ 4న ఫలితాలు. 67 మందికి 720కి 720. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒకటి చెబితే కొత్తది ఇంకొకటి చెప్పిందని రెండు జవాబులకూ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే, ఒక్కటే సరైందని తేల్చారు. 4 లక్షలకు పైగా పిల్లలకు అయిదేసి మార్కులు పోయాయి. కొందరికి కలిపిన గ్రేస్ మార్కులు అంతకుముందే రద్దయ్యాయి. జూలై 26న సవరించిన జాబితా వచ్చేసరికి ఆ 67 మంది కాస్తా 17 మంది అయ్యారు. స్కోర్ కార్డు చేతిలో ఉన్నవాళ్ల లెక్కే నిలవలేదు, నువ్వు కాగితం మీద వేసుకున్నది నిలుస్తుందా? ఈఏపీసెట్‌లో అయితే ఒక్కో సెషన్‌కు ఒక్కో పేపరు, ఆపైన నార్మలైజేషన్. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కూడా ఉంది. పక్క సెషన్‌లో మిగతావాళ్లు ఎలా రాశారో తెలియకుండా నీ ర్యాంకు ఎవరూ చెప్పలేరు. యూట్యూబ్‌లో ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకని ఖాయంగా చెప్పేవాళ్ల దగ్గర ఉన్నది పోయినేటి పట్టికే.

ఫలితాల తేదీ ఎవరికీ చెప్పకు, నువ్వూ నమ్మకు. 2024లో జూన్ 30న వస్తాయన్న సీయూఈటీ ఫలితాలు జూలై 28న వచ్చాయి. మధ్యలో జూలై 19న కొందరికి పరీక్ష మళ్లీ పెట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ కోర్సులు కోరుకున్న మన పిల్లలూ అన్నాళ్లూ ఆగాల్సి వచ్చింది. మేనత్త ఫోన్ చేసి అడిగితే "తెలియదత్తా, వచ్చాక నేనే చేస్తా" అను. హాల్‌టికెట్ నంబరు ఇంట్లో నిబ్బరంగా ఉండే మనిషికి ఇచ్చెయ్. పదో తరగతి చదివే చెల్లెలైనా సరే. వెబ్‌సైట్ చూసే పని ఇక తనది.

మెటీరియల్ అంతా వీధిలో ఇంటర్ చదివేవాళ్లకు పంచిపెట్టు. మళ్లీ రాయాల్సి వస్తే అడిగి తెచ్చుకోవచ్చు.

అమ్మానాన్నలకు ఒక మాట. "ఇవాళ కడితే లాంగ్ టర్మ్ ఫీజులో తగ్గింపు", "ఫలితాలొస్తే ఈ రేటుకు సీటు దొరకదు" అనే ఫోన్లు ఈ రోజుల్లోనే వస్తాయి. ఒక్క రూపాయి కట్టకండి. ఆ గడువు పెట్టేది మీ కంగారు తగ్గేలోపు కట్టించుకోవడానికే. బిడ్డ మళ్లీ రాయాలనుకుంటోందో లేదో తనకే ఇంకా తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నలుగురూ అపశకునం అనేది ఇప్పుడు చెబుతాను. ర్యాంకు రాకముందే డబ్బు సంగతి మాట్లాడుకోండి. శుభమా అని ఫలితం కోసం చూస్తుంటే ఫీజుల గొడవేమిటని అమ్మ కసురుకుంటుంది. అయినా కూర్చోబెట్టు. నాలుగేళ్లకు ఇంట్లో ఎంత పెట్టగలరు? హాస్టల్‌కు ఎంత? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఆలస్యమైతే అప్పు ఎవరి దగ్గర? తమ్ముడి చదువుకు ఏం మిగులుతుంది? ఆడపిల్లవైతే ఊరు దాటి ఎంత దూరం పంపుతారో కూడా ఇప్పుడే అడుగు. పొలం అమ్మడానికి నాన్న మనసులోనే సిద్ధపడి ఉండొచ్చు, నీకు ఆ ఊహే లేకపోవచ్చు. నీకు ఇంజనీరింగ్ ఇష్టం లేకపోవచ్చు, ఆయనకు ఆ ఊహ ఉండకపోవచ్చు. ఫలితం వచ్చిన రోజు ఈ మాటలు సాగవు. మంచి ర్యాంకొస్తే సంబరంలో లేనిది ఉందంటారు, రాకపోతే కోపంలో ఉన్నది లేదంటారు. అంకె తెలియని ఈ రోజుల్లోనే ఇంట్లో నిజం మాట్లాడుకోగలం. మాటలయ్యాక ఆదాయ, కుల సర్టిఫికెట్ల కోసం మీసేవకో సచివాలయానికో, స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బడికో వెళ్లి రండి. కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించాక అక్కడ నిలబడటానికి చోటుండదు.

ధైర్యంగా ఉన్నట్టు నటించొద్దు. "అంతా మంచే జరుగుతుందిలే" అని నోరు మూయించేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. రాకపోతే ఏమవుతుందో పైకి అను, వివరంగా అను. వినేవాళ్లు దానికి వెంటనే జవాబు చెప్పక్కర్లేదు, లేచి వెళ్లకుండా ఉంటే చాలు. బీఎస్సీలో చేరడం, ఏడాది ఆగి మళ్లీ రాయడం, ఇంకో దారి వెతుక్కోవడం, ఏదైనా సరే ఇంట్లో వినబడే మాటగా ఉండాలి. ఇంట్లో చెప్పుకోలేకపోతే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కు ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్. డబ్బులు పడవు, ఏ వేళయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫలితం వచ్చేదాకా ఆగొద్దు.