పదమూడు పాటలు, రెండు తీర్పులు, ఒక బావమరిది

తెలుగువాడి చేతికి ఏది చిక్కినా ముందు దానికో ర్యాంకు పడాల్సిందే. ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజున టీవీలో ఊపిరి తిప్పుకోకుండా ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు’ అని అరిచే ప్రకటనలు వింటూ పెరిగిన జాతి మనది. హీరోలకి వేశాం, బిర్యానీలకి వేశాం, వచ్చిన పెళ్ళిసంబంధాలకీ వేశాం. ఫుగాజీ వాళ్ళ ‘ఎండ్ హిట్స్’ ఆల్బంలో పదమూడు పాటలుంటే, వాటికి మాత్రం ఇంతవరకూ మా వీధిలో ఎవరూ ర్యాంకులు ప్రకటించలేదు. ఎవరైనా పూనుకుంటారేమోనని చూశాను. లాభం లేకపోయింది. వీధి పరువు దృష్ట్యా ఆ భారం నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

‘ఫుగాజీ అంటే ఏ హోటల్లో దొరుకుతుంది బావగారూ?’ అని మా బావమరిది అడిగాడు కనక కాస్త పరిచయం అవసరం. అమెరికా రాజధాని అనగానే మనవాళ్ళకి వైట్ హౌస్ ముందు దిగిన ఫొటో గుర్తొస్తుంది. అదే ఊళ్ళో 1987లో తొలి కచేరీ చేసిన నలుగురి బృందం ఇది. ఇయన్ మెకాయ్, గీ పిచియోటో గిటార్లు వాయిస్తూ పాడేవారు. జో లాలీది బేస్ గిటారు, బ్రెండన్ కాంటీవి డ్రమ్ములు. రెండో ఆయన పేరు స్పెల్లింగు చూస్తే ‘గై’ అనాలనిపిస్తుంది కానీ పలకాల్సింది ‘గీ’ అనే. మా ఆవిడ ఆయన్ని ‘ఆ నెయ్యాయన’ అంటుంది.

మెకాయ్ అంతకుముందు మైనర్ థ్రెట్ అనే హార్డ్‌కోర్ పంక్ బృందంలో ఉండేవాడు. హార్డ్‌కోర్ అంటే పాట నిమిషంన్నరలో అయిపోవాలి, ఆ నిమిషంన్నరా అరవాలి. ఆ కోపం అలాగే ఉంచుకుని, దానికి ఆలోచన, విరామం, ఊహించని మలుపులు జోడిస్తే పోస్ట్ హార్డ్‌కోర్. ఇందులో మనిషి అరవడానికి ముందు కాసేపు ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే ఎక్కువ భయపెడుతుంది.

వీళ్ళ నడవడి చూస్తే మాత్రం ఏ అత్తగారైనా ముచ్చటపడుతుంది. మెకాయ్ మందు ముట్టడు, సిగరెట్ ముట్టడు. ఆ నియమం మీద 1981లో ఆయన రాసిన పాట పేరు పెట్టుకుని ఒక ఉద్యమమే నడిచింది. కచేరీ టికెట్టు ఐదు డాలర్ల దగ్గర ఉండేట్టు పట్టుబట్టేవారు. ఏ వయసువాళ్ళయినా లోపలికి రావచ్చు. టీషర్టులు అచ్చేసి అమ్ముకోలేదు. జనంలో ఎవడైనా పక్కవాళ్ళని కుమ్ముతూ గంతులేస్తే పాట ఆపి మందలించేవారు. అయినా వినకపోతే కవర్లో ఐదు డాలర్లు పెట్టి చేతికిచ్చి, మర్యాదగా బయటికి సాగనంపేవారు. డబ్బు వాపసిచ్చి మరీ గెంటేసే రౌడీ సంగీతాన్ని లోకం ఇంకెక్కడా చూసి ఉండదు.

ఇక ఆల్బం. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో 1997లో రికార్డు చేశారు. 1998 ఏప్రిల్‌లో వాళ్ళ సొంత డిస్‌కార్డ్ సంస్థ విడుదల చేసింది. పేరులో ‘ఎండ్’ ఉండేసరికి బృందం దుకాణం కట్టేస్తోందని పుకారు లేచింది. కట్టెయ్యలేదు, 2001లో ‘ది ఆర్గ్యుమెంట్’ వచ్చింది. అక్కడే దీనికి శని పట్టింది. పాత అభిమానులు 1990 నాటి ‘రిపీటర్’ దగ్గర ఆగిపోయారు, విమర్శకులు ‘ది ఆర్గ్యుమెంట్’ని నెత్తిన పెట్టుకున్నారు, ఇది మధ్యలో ఉండిపోయింది. 47 నిమిషాల పైచిలుకు సంగీతాన్ని ఇలా పట్టించుకోకపోవడం అన్యాయం. అయితే రహస్యంగా ఒక మాట. నలుగురూ దీన్ని మెచ్చుకోవడం మొదలుపెడితే నాకు పనుండదు. పట్టించుకోని ఆల్బానికి అభిమానిగా ఉండటమంటే జీతంలేని ఉద్యోగమే అయినా, పోటీ లేని ఉద్యోగం.

ర్యాంకులకి నేను పెట్టుకున్న కొలమానాలు గంభీరమైనవి: స్వరరచన, సాహసం, సందేశం. మా ఆవిడ ఒకటే కొలమానం పెట్టుకుంది: పాట మోగుతుంటే వంటింట్లో కుక్కర్ విజిల్ వినపడుతుందా, లేదా. ఆ కొలమానం ముందు నావి మూడూ ఎంత నీళ్ళునమిలాయో మీరే చూస్తారు.

13. గిల్‌ఫర్డ్ ఫాల్. ఎవరో ఒకరు చివర నిలబడాలి. దీని ముందు ‘ఆర్పెజియేటర్’, వెనక ‘పింక్ ఫ్రాస్టీ’. ఆ రెండింటి మధ్య మూడు నిమిషాల లోపు పాటగా పుట్టడమే దీని దురదృష్టం.

12. ఫోర్‌మన్స్ డాగ్. మేస్త్రీగారి కుక్క. ఇంతకంటే కింద పెడితే ఎవరొచ్చి కరుస్తారోనని పన్నెండు ఇచ్చాను.

11. ఎఫ్/డి. ఆల్బంలో ఆఖరి పాట. మా బావమరిది బ్యాంకులో పనిచేస్తాడు. పాటల జాబితాలో ఇది కనపడగానే అతని మొహం వెలిగింది. ‘చూశారా బావగారూ, ఎంత తిరుగుబాటుదారులైనా చివరికి ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గరికే వస్తారు’ అన్నాడు. మెకాయ్ వింటే టికెట్టు డబ్బు వాపసిచ్చి ఉండేవాడు.

10. ఫ్లోటింగ్ బాయ్. దాదాపు ఆరు నిమిషాలు, ఆల్బంలో అన్నిటికంటే పొడుగు. హెడ్‌ఫోన్సులో వింటే మనిషి నేల మీద ఉండడు. స్పీకర్లో పెడితే మా ఆవిడ ఇంట్లో ఉండదు. ఆవిడ జాబితాలో ఇది పదమూడు. ‘ఆ నెయ్యాయనకి ఎవరైనా మంచినీళ్ళివ్వండి’ అన్నది ఆవిడ సమీక్ష పూర్తి పాఠం.

9. కాస్టిక్ ఎక్రాస్టిక్. రెండే నిమిషాలు. నచ్చలేదని చెప్పడానికి లేచేసరికి అయిపోతుంది. వివాహజీవితంలో ఇటువంటి పాటల విలువ పెళ్ళయినవాళ్ళకే తెలుస్తుంది.

8. బ్రేక్. ఆల్బం దీనితోనే మొదలవుతుంది, అదీ ఆగి ఆగి. మొదటి పాట అనగానే తలుపు తన్నుకుని వస్తారనుకుంటాం. వీళ్ళు గుమ్మంలో నిలబడి రెండు సార్లు దగ్గి లోపలికొస్తారు. ‘కరెంటు పోయిందా అక్కా?’ అని బావమరిది లోపలికి కేక వేశాడు.

7. నో సర్‌ప్రైజ్. పైన ఆరు, కింద ఆరు. ఎవరితోనూ గొడవ లేని స్థానం. అయితే పాడినవాడు అలాంటి మనిషి కాదు. పిచియోటో 1988లో ఒక జిమ్‌లో జరిగిన కచేరీలో బాస్కెట్‌బాల్ రింగులోకి కాళ్ళు దూర్చి, తలకిందులుగా వేలాడుతూ పాడాడు. జెమ్ కోహెన్ 1999లో తీసిన ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనే డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది. అది చూపించాక మా ఆవిడ ఆయన మీద కాస్త మెత్తబడింది. ‘వాళ్ళమ్మ చూసిందా ఇది?’ అని ఆరా తీసింది.

6. ఆర్పెజియేటర్. ఒక్క మాట లేదు. గిటార్లు మెట్లెక్కుతాయి, దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. పల్లవి ఏదీ, చరణం ఏదీ అని ప్రతి పాటకీ వెతుకుతున్న బావమరిదికి ఇక్కడ కాస్త ఊరట దొరికింది. వెతకాల్సిన అవసరమే లేదు కదా. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మా ఆవిడ మాత్రం వంటింట్లోంచే తేల్చేసింది: ‘వాళ్ళింకా సాధన చేసుకుంటున్నారండీ, పాట మొదలవలేదు.’ ఆరోహణ, అవరోహణ, అంతే అంది. ఈ పాట గురించి నేను చదివిన ఏ సమీక్షా ఇంత క్లుప్తంగా లేదు.

5. క్లోజ్డ్ క్యాప్షన్డ్. గిటార్లు పక్కకి తప్పుకుని డ్రమ్ములకి పెత్తనం అప్పగించిన పాట. కాంటీ ఇక్కడ మోత మోగించడు, లెక్క చెబుతాడు. వేళ్ళతో బల్ల మీద దరువేస్తూ వింటాను. ఆఫీసులో ఇలా చేస్తే పనిచేస్తున్నానని అనుకున్నారు.

4. ప్లేస్ పొజిషన్. పేరులోనే ర్యాంకు అడుగుతున్న పాట. అడిగినవాళ్ళకి పతకం ఇవ్వకూడదని నాలుగో స్థానంలో ఆపాను. వేగం, కోపం, తూకం మూడూ కుదిరాయి. మొదటిసారి వినేవాళ్ళకి నేను ముందు పెట్టేది ఇదే. రెండోసారి వింటామన్నవాళ్ళు ఇంకా తగల్లేదు.

3. పింక్ ఫ్రాస్టీ. అరుపుకి పెట్టింది పేరైన మెకాయ్ ఇక్కడ గుసగుసగా పాడతాడు. నాలుగు నిమిషాలపాటు గిటార్లు కూడా చెప్పులు బయట విడిచి వచ్చినంత ఒద్దికగా నడుస్తాయి. కోపిష్టి మనిషి గొంతు తగ్గించినప్పుడు గదిలో అందరూ మెడలు ముందుకి చాపుతారు, ఈ పాట చేసేది ఆ పనే. మా ఆవిడ జాబితాలో ఇదే ప్రథమం. మూడు విజిళ్ళూ స్పష్టంగా వినపడ్డాయట. ‘ఈయన బాగానే పాడతాడే, ఇన్నాళ్ళూ ఎందుకలా అరిచినట్టు?’ అని అడిగింది. పోస్ట్ హార్డ్‌కోర్ చరిత్ర అంతా ఆ ప్రశ్నకి జవాబే.

2. ఫైవ్ కార్పొరేషన్స్. చిన్న కంపెనీని పెద్దది, పెద్దదాన్ని మరీ పెద్దది మింగడం మీద మెకాయ్ విరుచుకుపడ్డ పాట. ఈ పాట వచ్చేనాటికి ప్రపంచ రికార్డుల వ్యాపారం ఆరు కంపెనీల చేతిలో ఉంది. అదే ఏడాది డిసెంబరుకల్లా యూనివర్సల్ గూటిలోకి పాలీగ్రామ్ చేరిపోయి ఐదయ్యాయి. 2004లో సోనీ, బీఎంజీ కలిసిపోయి నాలుగు. 2012లో ఈఎంఐ పాటల వ్యాపారాన్ని యూనివర్సల్ కొనేసి మూడు. మన పంచాంగకర్తలు కూడా ఇంత వరసగా నిజం చెప్పలేదు. చెప్పిన మనిషికి చెప్పే హక్కుంది. అట్లాంటిక్ రికార్డ్స్ అధినేత అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి ఆహ్వానిస్తే వద్దన్న బృందం ఇది. బ్యాంకులు వరసపెట్టి విలీనమైన రోజుల్లో బదిలీలు చూసిన మా బావమరిది ఈ కథంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘దీన్ని మా యూనియన్ మీటింగులో వెయ్యొచ్చు బావగారూ’ అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన పెద్ద విజయం అది.

1. రీకాప్ మొదొట్టి. బేస్ గిటారిస్టు జో లాలీ పాడిన పాట. మెకాయ్, పిచియోటో లాంటి రెండు గొంతులు ఉన్న బృందంలో ఆయనకి మైకు దొరకడమే అరుదు. దొరికినప్పుడు ఆయన అరవలేదు. బేస్ తీగ మీద నెమ్మదిగా నడుచుకుంటూ టీనా మొదొట్టి అనే మనిషిని తలుచుకున్నాడు. ఆవిడ 1896లో ఇటలీలో పుట్టింది. అమెరికా వెళ్ళి మూకీ సినిమాల్లో వేసింది, మెక్సికో వెళ్ళి కెమెరా పట్టింది, కమ్యూనిస్టు అయింది. 1929లో క్యూబా విప్లవకారుడు హూలియో ఆంటోనియో మెయాని ఆవిడ పక్కన నడుస్తుండగానే కాల్చి చంపారు. మరుసటి ఏడు ఆవిడని దేశం నుంచి వెళ్ళగొట్టారు. 1942లో మళ్ళీ మెక్సికో నగరంలోనే, టాక్సీలో పోయింది. ఇంత జీవితానికి నాలుగు నిమిషాలు కూడా పట్టని పాట. పట్టించుకోని ఆల్బంలో, పట్టించుకోని వాయిద్యం వాయించే మనిషి, లోకం మరిచిన మనిషి గురించి పాడాడు. దీనికి ఒకటో ర్యాంకు ఇవ్వకపోతే నేను ఇన్నేళ్ళూ ఈ ఉద్యోగం ఎందుకు చేసినట్టు? మా ఆవిడ జాబితాలో రెండోది. ‘విజిల్ వినపడింది, కానీ లెక్కపెట్టడం మర్చిపోయాను’ అంది. నా మూడు కొలమానాలతో నేను రాసిన పేరా కంటే ఆ వాక్యం బాగుంది.

జాబితా చదివి ముగించాక బావమరిది సోఫాలో వెనక్కి వాలాడు. ‘అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కానీ, మీరు చివర పెట్టారే ఆ గిల్‌ఫర్డ్, అది మరీ పనికిమాలింది బావగారూ’ అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పనికిమాలిందా? ఆ రెండు గిటార్లు ఒకదాని మాటకి ఒకటి అడ్డుతగలడం విన్నావా? అంత బిగువైన పాటని పొరుగూరి బృందం ఏదైనా చేసి ఉంటే అక్కడ దానికి విగ్రహం కట్టేవారని చెప్పాను. డ్రమ్ముల గురించి చెప్పాను. చెప్పిందే మళ్ళీ చెప్పాను. మా ఆవిడ గరిట పట్టుకునే వచ్చి, ‘మీరే కదండీ దాన్ని పదమూడులో పెట్టారు?’ అంది.

పెట్టాను. మన పిల్లాడికి అల్లరి బిరుదులు మనం ఎన్నయినా ఇచ్చుకుంటాం, అవే మాటలు పక్కింటాయన అంటే ఊరుకుంటామా? ర్యాంకు అనేది ఇంట్లోవాళ్ళకి. పన్నెండింటికంటే తక్కువని నేను అన్నానంటే, మిగతా లోకంలోని పాటలన్నిటికంటే ఎక్కువని నా ఉద్దేశం. అది జాబితాలో రాయక్కర్లేదు, బావమరిదికైతే అరిచి చెప్పాలి.

అతనేం తగ్గలేదు. ఇంటికి వెళ్ళి ఆల్బం అంతా విన్నాట్ట. వాదనకి సరంజామా కోసమే అన్నాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో తన జాబితా పంపాడు: ప్రథమ స్థానం ఎఫ్/డి, కారణం వడ్డీ. రీకాప్ మొదొట్టికి పదకొండు! ఈ ఆల్బం గురించి నాతో పోట్లాడే మొదటి మనిషి దొరికాడు కనక ఆదివారం భోజనానికి రమ్మన్నాను. పులిహోర, గారెలు చేయిస్తున్నాను. కుక్కర్ మాత్రం పొద్దున్నే దించేస్తానని మా ఆవిడ చెప్పింది.