పేర్లు పడే వేళ

మీరు నన్ను చూసి ఉండరు. నేను తెరమీదికొచ్చే వేళకు మీరు బయట పల్లీలు కొనుక్కుంటూ ఉంటారు, లేదంటే చీకట్లో తడుముకుంటూ ఎవరి కాలో తొక్కుతూ ఉంటారు. నేను మొదటి రీలుని. సినిమా పేరు, అందులో పనిచేసినవాళ్ళ పేర్లు ఉండేది నా మీదే. గేటు దగ్గర ఒకడు "పేర్లు పడిపోతున్నాయి, రండ్రా" అని అరుస్తాడు. ఇంకొకడు "ఇంకా పేర్లేగా" అంటూ నింపాదిగా సోడా తాగుతాడు. నా బతుకంతా ఈ రెండు మాటల మధ్యే తెల్లారిపోయింది.

ఏ సినిమా మొదటి రీలువి అంటారా? చెప్పను. ఆడిన సినిమా అయితే మీరు అడక్కముందే చెప్పేదాన్ని.

1978లో మద్రాసులో పుట్టాను. ఈస్ట్‌మన్ కలరు, సినిమాస్కోపు. 1,000 అడుగుల పొడుగు, ఆడితే 11 నిమిషాలు. నా వెనక ఇంకో 15 మంది తోబుట్టువులు. వాళ్ళకు పాటలూ ఫైట్లూ కన్నీళ్ళూ పంచిపెట్టారు. అందరికన్నా చివరిదానికి శుభం కార్డు దక్కింది. నా వాటాకు సెన్సారు సర్టిఫికెట్టు, దాని వెంటే మూడు నిమిషాల పేర్లు వచ్చాయి. మూడు నిమిషాలేగా అనకండి. సెకనుకు 24 చొప్పున లెక్కేస్తే 4,320 బొమ్మలు.

ఆ పేర్ల వెనక ఏముందో మీకు తెలియాలి. తెల్లవారుజామున మంచు పట్టిన చిన్న రైల్వే స్టేషను. బెంచీ మీద ఒక ఆడమనిషి చెయ్యి. ముఖం కనపడదు. ఆ చెయ్యి ఒక ఇన్లాండు కవరును మడుస్తుంది, విప్పుతుంది, మళ్ళీ మడుస్తుంది. మడతకో పేరు పడుతుంది. సంగీతమంటే ఒక్క వీణే. చివర దర్శకుడి పేరు పడేసరికి దూరంగా రైలు కూత. చెయ్యి కవరును రెండుగా చించేస్తుంది.

అంతే. కథ ఇంకా మొదలే కాలేదు. ఎక్కడో 13వ రీల్లో కథానాయిక "నేనెవరికీ ఉత్తరం రాయలేదు" అంటుంది. నన్ను చూసినవాడు అక్కడ లోపల్లోపల నలిగిపోతాడు. సోడా తాగి వచ్చినవాడు ఆమె మాట నమ్మేస్తాడు. ఇద్దరిదీ ఒకే టికెట్టు, చూసినవి మాత్రం రెండు సినిమాలు.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో అవి చేత్తో రాసినవి. ఆర్టిస్టు కుంచెతో రాస్తే కెమెరా కింద పెట్టి తీసి, ల్యాబులో బొమ్మ మీదికి ఎక్కించేవారు. తెలుగు అక్షరానికి గుండ్రటి ఒళ్ళు. కొంచెం సాగదీస్తే దయ్యాల సినిమా, తలకట్టుకు కాస్త వయ్యారం పెడితే పెళ్ళిసందడి. బాపు గారి సినిమాల్లో పేర్లు పడుతుంటే దర్శకుడి చేతిరాత చూస్తున్నట్టే ఉండేది. ఆయన మొదటి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది. పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్ గారు పబ్లిసిటీ రంగంలో అడుగుపెట్టిందీ ఆ సినిమాతోనే. బెంగాల్లో సత్యజిత్ రాయ్ కూడా అంతే, అక్షరాన్ని ఇంకొకరికి వదిలేవాడు కాదు.

మద్రాసు నుంచి విజయవాడ గాంధీనగర్ చేరాను. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులూ రీళ్ళ పెట్టెలూ కిక్కిరిసిన పేట అది. రాత్రిపూట గోడౌన్లో మొదటి రీళ్ళన్నీ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. 'గుండమ్మ కథ' వాళ్ళ పెద్దక్కకు కాస్త గర్వం. 1962 నాటి ఆ సినిమాలో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు, ఎవరి పేరు ముందు వేసినా రెండోవారి అభిమానులు ఊరుకోరు. విజయా వారు పేర్ల జోలికే పోకుండా నటీనటుల ఫొటోలు చూపించారట. 'లవకుశ' వాళ్ళది వేరే కథ. తండ్రి సి. పుల్లయ్య గారు మొదలుపెట్టిన సినిమాను కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తిచేశారు. దర్శకత్వం దగ్గర ఇద్దరి పేర్లూ పడ్డాయి. ఈ పేర్ల వెనక ఎన్ని అలకలు, ఎన్ని అప్పులు, ఎన్ని బుజ్జగింపులు ఉంటాయో మాకు తెలుసు. మీకు అవి మూడు నిమిషాల ఆలస్యం.

ఒక ఇంగ్లీషు సినిమా రీలు చెప్పింది మాత్రం నాకిప్పటికీ కంట్లో నలుసులా ఉంది. వాళ్ళ దేశంలో కూడా ఒకప్పుడు పేర్లు తెర లేవకముందే, ఆ గుడ్డ మడతల మీదే పడిపోయేవట. 1955లో ఒట్టో ప్రెమింజర్ 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' తీశాడు. అది మత్తుమందుకు బానిసైన మనిషి కథ. సాల్ బాస్ అనే ఆర్టిస్టు దానికి నల్లని తెర మీద తెల్లటి గీతలు కదులుతూ కదులుతూ చివరికి వంకర తిరిగిన చేయిగా మారేట్టు పేర్లు చేసిపెట్టాడు. ఆ రీళ్ళ డబ్బాల మీద ఆపరేటర్లకు ఒక కాగితం అంటించి పంపారట, పేర్లు మొదలవకముందే తెర లేపండని. అలాంటి కాగితం ముక్క ఒకటి నా డబ్బా మీద కూడా ఎవరైనా అంటించి ఉంటే!

అంటించలేదు. విజయవాడలో రెండు వారాలు, శ్రీకాకుళం వైపు నాలుగు ఊళ్ళు తిరిగి, గీతలు పడి, 1979లో వైజాగ్ రేవులో ఓడెక్కాను. మూడు రోజుల సముద్రం. హడ్డో జెట్టీలో దిగాను, అండమాన్‌లో అప్పటి పోర్ట్ బ్లెయిర్.

ఇక్కడి తెలుగువాళ్ళు ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు. జంగ్లీఘాట్‌లో వేటకెళ్ళేవాళ్ళు, కూలీపనికి వచ్చినవాళ్ళు, చిన్న ఉద్యోగాలవాళ్ళు. బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. దేశాన్ని మెయిన్‌ల్యాండ్ అంటారు. నన్ను ఆడించిన హాలుకు రేకుల కప్పు. ఇక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన. చినుకు మొదలైతే నా వీణ గోవిందా.

ఆపరేటర్ టెక్కలి వైపు మనిషి. చెయ్యి మంచిది. నా అక్షరాల అంచు చూసే ఫోకసు సరిచేసుకునేవాడు. సినిమాస్కోపు లెన్సు పెట్టడం మర్చిపోతే నా మీది పేర్లన్నీ తాటిచెట్లలా నిలువునా సాగేవి. హాలంతా ఈల వేసేలోపే మార్చేసేవాడు.

మొదటి ఆదివారం ఆట నేను మర్చిపోలేను. బెంచీ, చెయ్యి, మంచు, పేర్లు. నేల క్లాసు ఎప్పటిలాగే గోలగోలగా ఉంది. దర్శకుడి పేరు పడింది, రైలు కూసింది.

హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది.

నాకు ముందు అర్థం కాలేదు. మెయిన్‌ల్యాండులో ఆ కూతకు ఎవరూ ఉలిక్కిపడలేదు మరి. తర్వాత తెలిసింది, ఈ దీవుల్లో రైలు లేదని. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పలాసలోనో ఆముదాలవలసలోనో రైలెక్కి, వైజాగ్‌లో ఓడెక్కి వచ్చేసినవాళ్ళు ఏళ్ళ తర్వాత ఆ కూత విన్నారు. ఇక్కడే పుట్టిన పిల్లలు "ఏటమ్మా అది?" అని అడుగుతున్నారు. తల్లులు జవాబు చెప్పలేదు. ఆ ఉత్తరం ఎవరిదో, ఎందుకు చింపిందో కథ చెప్పకముందే ఆ హాలుకు తెలిసిపోయింది. నన్ను తయారుచేసినవాళ్ళకు కూడా తెలియని పని నేను ఆ పూట చేశాను.

నెల తిరక్కుండానే కత్తెర వచ్చింది.

సమస్య పడవది. బంబూ ఫ్లాట్ నుంచి వచ్చినవాళ్ళు ఆట వదలగానే ఛాతం జెట్టీకి పరుగెత్తాలి. డీజిల్ ఇంజన్ల కరెంటు, అది పోతే ఆట ఇంకో పావుగంట వెనక్కి. శుభం పడకుండా జనాన్ని పంపితే కుర్చీలు విరుగుతాయి. ఎక్కడో ఒకచోట కోత పడాలి. యజమాని వచ్చి అన్నాడు: "పేర్లు ఎవుడు సూత్తాడ్రా? కతలోకి ఎలిపో."

ఆపరేటర్ నీళ్ళు నమిలాడు. "రైలు బాగుంటాది బాబూ..."

"రైలుకి టికెట్టు కొన్నారేటి? సినిమాకి కొన్నారు."

ఆ రాత్రి నన్ను 300వ అడుగు నుంచి యంత్రానికి ఎక్కించారు. తెర మీద సరాసరి కథానాయకుడు సైకిలు తొక్కుతూ వచ్చేశాడు. నేల క్లాసులోంచి ఒక ముసలమ్మ గొంతు లేచింది: "ఒరే, మా రైలేదిరా?"

నా తరఫున ఈ లోకంలో ఎవరైనా మాట్లాడారంటే ఆమే.

తర్వాత ఎప్పుడైనా వ్యవధి ఉంటే పేర్లు వేసేవారు, లేకపోతే లేదు. రీలు మొదలే ఎక్కువ నలుగుతుంది. ఎక్కించేటప్పుడు చేతులు పడేది అక్కడ, తెగేది అక్కడ. తెగిన ప్రతిసారీ రెండు పక్కలా కత్తిరించి జిగురుతో అతికిస్తారు. కథలో నాలుగు బొమ్మలు పోతే ఎవరికీ తెలియదు. నాలో పోతే మనుషులు పోతారు. మొదట మేకప్ సహాయకుడు పోయాడు. తర్వాత స్టిల్స్ తీసినాయన, ఆపైన ప్రొడక్షన్ మేనేజరు. హీరో పేరు మాత్రం చివరిదాకా చెక్కుచెదరలేదు. కత్తెరకు కూడా ఎవరి పేరు ఎక్కడ ఉందో తెలుసు మరి.

డిస్ట్రిబ్యూటరు నన్ను వెనక్కి అడగలేదు. ఆడని సినిమాకు ఓడ కిరాయి దండగ. హాలు వెనక గోడౌన్లో పడేశారు. 1988లో 'మరణ మృదంగం' పేర్లలో చిరంజీవిని మెగాస్టార్ అన్నారని, ఆ పేరు పడితే చాలు జనం కాగితాలు చింపి ఎగరేస్తున్నారని పక్క పెట్టెలు చెప్పుకునేవి. పేర్లకోసమే జనం ముందొచ్చే రోజులు వచ్చాయన్నమాట. సంతోషమే. అయితే వాళ్ళు వచ్చేది ఒక్క పేరు కోసం.

గోడౌన్లో ఏళ్ళు ఎలా గడిచాయంటే, వాసనతో గడిచాయి. మా ఒళ్ళు అసిటేటు. వేడీ చెమ్మా కలిస్తే లోపల్నుంచి పులిసి వెనిగర్ కంపు కొడుతుంది. ఒకదానికి పట్టుకుంటే పక్కదానికీ అంటుకుంటుంది. బొమ్మను మోసే జిలటిన్ను బూజు తినేసింది. రంగుల్లో నీలమూ పసుపూ ముందే వెళ్ళిపోయి, నా మంచు తెల్లవారుజాము కుంకుమ కలిపిన నీళ్ళలా మారింది. ఒక పాత సామానువాడు వచ్చి నలుపు తెలుపు రీళ్ళు ఏరుకుని పోయాడు, వాటిలో వెండి ఉంటుందని. రంగు ఫిల్ములో వెండిని ల్యాబులోనే కడిగేస్తారు, శబ్దం గీసిన సన్నటి అంచు తప్ప నా దగ్గర వాడికి పనికొచ్చేది లేదు. తూకానికి కూడా పనికిరాలేదు నేను.

నా గతే ఇదనుకుంటే 1932 నాటి 'భక్త ప్రహ్లాద' గతి చూడండి. తెలుగువాళ్ళ మొదటి టాకీ. ఇవాళ ప్రింటు ఎక్కడా దొరకదు. ఆ సినిమా చూడకుండానే మీరంతా దాని పేరు చెప్పుకుంటున్నారు.

2004 డిసెంబరు 26 పొద్దున భూమి కదిలింది, ఆ వెనకే సముద్రం లోపలికొచ్చింది. ఊళ్ళో, దీవుల్లో పోయిన ప్రాణాల ముందు నా సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఉప్పునీళ్ళలో డబ్బాలు నానాయి, రీళ్ళు ముద్దలయ్యాయి, శుభ్రం చేసేవాళ్ళు పారలతో ఎత్తి లారీలో వేశారు. శుభం కార్డు కూడా ఆ లారీలోనే పోయింది.

మరి ఇదంతా చెప్తున్నదెవరంటారా? ఆ ఆపరేటర్ కత్తిరించిన ప్రతిసారీ ముక్కను పారేసేవాడు కాదు. ఒక హార్లిక్స్ సీసాలో వేసి, జంగ్లీఘాట్‌లో మెరకమీద ఉన్న తన ఇంటి అటకెక్కించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చాలా ముక్కలు అంటుకుపోయాయి. ఒకటి మిగిలింది. అది నేను.

ఇప్పుడు హాళ్ళలో రీళ్ళు లేవు. ఆపరేటర్ మనవడు టీవీలో సినిమాలు చూస్తాడు. 'ఈగ' మొదట్లో కూతురు కథ చెప్పమంటే తండ్రి ఈగ కథ ఎత్తుకుంటాడే, అది విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఈగ పగ తీర్చుకుంటుందంటే ఎవరు నమ్ముతారు? పడుకునేముందు పాపకు చెప్పే కథ అనేసరికి హాలుకు హాలే పాపైపోయి ఊ కొట్టింది. కొన్ని కథలకైతే టీవీ తెర మూల ఒక మీట కనిపిస్తుంది, స్కిప్ ఇంట్రో అని. పిల్లవాడు కళ్ళు తిప్పకుండానే నొక్కేస్తాడు. నా యజమాని పోయాడనుకున్నాను, ఇంటింటికీ వచ్చాడు.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం. సునామీకి సరిగ్గా 15 ఏళ్ళు. పిల్లవాడు గ్రహణం చూడ్డానికి సీసాలోంచి నన్ను తీసి సూర్యుడికి ఎత్తిపట్టాడు. ముసలాయన చేతిమీద ఒక్కటిచ్చాడు. "రంగు ఫిల్ముతో సూస్తే కళ్ళు పోతాయిరా." తర్వాత మనసొప్పక, లోపలికి తీసుకెళ్ళి ట్యూబులైటుకు అడ్డంపెట్టి చూపించాడు.

కుంకుమ రంగు మంచు. బెంచీ అంచు. ఒక అక్షరాల ముక్క.

"ఎవరు తాతా ఇతను?"

తాతకు తెలియదు. నా పొడుగు ఇప్పుడు రెండున్నర అడుగులు, 40 బొమ్మలు. ఆడిస్తే రెండు సెకన్లు నిండవు. వాటిమీద ఉన్నది ఒకే ఒక్క పేరు, అదీ సగం. మొదటి భాగం బూజుకు పోగా 'రావు' అన్నది మాత్రం చదవడానికి వస్తుంది. 1978లో మద్రాసులో ఒక ఆడని సినిమాకు పనిచేసిన రావు గారు మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉంటే, ఆయన పేరు జంగ్లీఘాట్‌లో ఒక హార్లిక్స్ సీసాలో భద్రంగా ఉందని చెప్పండి.