గుంపుగా తాగువారికి గమనిక

ప్రాగ్ నగరపాలక సంస్థ 2024 అక్టోబరులో ఒక తీర్మానం చేసింది. డబ్బు పుచ్చుకుని జనాన్ని గుంపుగా బారు నుంచి బారుకి తిప్పే వ్యాపారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బంద్. తాగుడు మాత్రం బంద్ కాదు. ఎవడికి వాడు, ఎవడి కాళ్ళ మీద వాడు నడిచి, రాత్రంతా ఎన్ని బార్లు ఎక్కి దిగినా అడిగే నాథుడు లేడు. తలసరి బీరులో ఏళ్ళ తరబడి ప్రపంచానికే మొదటి ర్యాంకు కొడుతున్న దేశమది, తాగేవాణ్ణి ఏమంటుంది? టికెట్టు కొనుక్కుని, గైడు వెనకాల వరసలో నడుస్తూ తాగేవాడంటేనే దానికి పడటం లేదు. కాస్త సంస్కారమూ, మరికాస్త డబ్బూ ఉన్న యాత్రికులు కావాలట. అంతకుముందే 2020లో స్పెయిన్ వాళ్ళ బలేరిక్ దీవుల ప్రభుత్వం కూడా మగలూఫ్ లాంటి చోట్ల ఈ ఊరేగింపులు ఆపించింది.

గుడివాడ బస్టాండు దగ్గర టీకొట్లో ఈ వార్త చదివిన పెద్దాయన ఒకరు పేపరు మడిచి, "తాగటానికి మళ్ళీ గైడెందుకయ్యా?" అన్నారు.

ఆయన సందేహం న్యాయమైనదే. పబ్ క్రాల్ అనే ఈ గైడు యాత్ర ఎక్కువగా వీపున బ్యాగు తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రకారు కోసం నడుస్తుంది. ఒకే గదిలో ఎనిమిది బంకు మంచాలుండే హాస్టళ్ళలో దిగుతారు వీళ్ళు. సాయంత్రం ఎనిమిదికి కింద లాబీలో హాజరు వేయించుకోవాలి. పాతిక యూరోల దాకా కడితే చేతికి కాగితం పట్టీ చుట్టి, ఒంటికి వాళ్ళ టీషర్టు తొడుగుతారు. మొదటి బార్లో గంటసేపు ఎంత తాగగలిగితే అంత. ఆ తర్వాత ఒక్కో బారు గుమ్మంలో ఒక్కో షాటు ఉచితం, అందులో మందు కన్నా రంగు సిరప్పు ఎక్కువ. లోపల అడుగు పెట్టాక ఎవడి జేబు వాడిది. తలకింత అని బారువాడు గైడు కంపెనీకి, టికెట్టుకింత అని గైడు కంపెనీ హాస్టలుకి ఇచ్చుకుంటారు. చివరి మజిలీ డ్యాన్సు క్లబ్బు. అక్కడ బయట బారెడు క్యూ ఉన్నా మనకి పక్క గుమ్మంలోంచి శీఘ్రదర్శనం.

మా మేనల్లుడు జర్మనీలో ఎమ్మెస్ వెలగబెడుతున్నాడు. వాణ్ణి చూసిరమ్మని మా అక్క పంపితే వెళ్ళాను. వాడు అప్పటికే బుడాపెస్ట్‌కి బ్యాగు సర్దుకుని ఉన్నాడు, నేనూ తోక పట్టుకున్నాను. పాతిక యూరోలనగానే వాడు గుడివాడ బుర్రతో లెక్క కట్టాడు. "మావయ్యా, రెండున్నర వేలు! తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్లు పాతికొస్తాయి!" అయినా కట్టాడు. ఎక్కడి నుంచి అని గైడు అడిగితే "హైదరాబాద్" అన్నాడు. గుడివాడలో పుట్టినవాడెవడూ విమానం ఎక్కాక గుడివాడ వాడు కాడు. గైడు ఆస్ట్రేలియా కుర్రాడు. నా నెరిసిన జుట్టు చూసి "లెజెండ్!" అని భుజం చరిచాడు. యాభై దాటినవాణ్ణి అలా పిలిచేది తెలుగు సినిమావాళ్ళే అనుకునేవాణ్ణి.

మమ్మల్ని తిప్పింది ఏడో వార్డులో, పాత యూదుల పేటలో. అక్కడ శిథిల బార్లు అని ఉంటాయి. పెచ్చులూడిన పాత ఇళ్ళు. వాటి ముంగిట్లో విరిగిన కుర్చీలు, కుట్టు మిషన్ల బల్లలు, కోసి సోఫాలు చేసిన స్నానాల తొట్లు, గోడలకి వేలాడే సైకిళ్ళు. కజింట్సీ వీధిలోని సింప్లా కెర్ట్ అయితే ఈ జాతికి మూలపురుషుడు, దాని పెరట్లో పాత ట్రబాంట్ కారు కూడా ఉంది. జనం కెమెరాలు పట్టుకుని గోడల బీటలు ఫొటోలు తీస్తుంటే నాకు బందరు మీద జాలేసింది. అలాంటి ఇళ్ళు మా బందర్లో వీధికి నాలుగున్నాయి. మండువా కూలినవి, దూలం ఒరిగినవి, రావిచెట్టు మొలిచినవి, అన్నదమ్ముల దావాలో పడి తాళం వేసినవి. రంగు బల్బు తగిలిస్తే బుడాపెస్ట్, తగిలించకపోతే బందరు. ఆ యూదుల పేట వాళ్ళు మాత్రం గోల భరించలేక, బార్లు అర్ధరాత్రికే మూయాలా వద్దా అని 2018లో ఓటింగ్ పెట్టించుకున్నారు. చాలినంత మంది ఓటర్లు రాక అది చెల్లలేదు. రాత్రంతా నిద్ర లేనివాడు ఆదివారం పొద్దున్నే లేచి ఓటెలా వేస్తాడు?

మావాడికి వచ్చిన ఇబ్బంది వేరు. గ్లాసు ముందుకొచ్చింది, మరి స్టఫ్ ఏది? అటు చూశాడు, ఇటు చూశాడు. యూరప్‌వాడు ఉత్త బీరు తాగుతాడు. పల్లీలుండవు, ఉల్లిపాయ ముక్కలుండవు, కోడి లేదు, రొయ్య లేదు. కృష్ణా జిల్లావాడికి మంచింగ్ లేకుండా మందు దిగటమంటే వినటానికే ఎలాగో ఉంటుంది. కాసేపు ఓర్చుకుని బ్యాగు జిప్పు లాగాడు. వాళ్ళమ్మ కట్టిచ్చిన జంతికల పొట్లం, కారప్పూస డబ్బా, అడుగున ఎండు రొయ్యల పొడి. రెండో బారు దాటేసరికి డచ్చి పిల్లలిద్దరు, బ్రెజిల్ కుర్రాడు, గైడు వాడి చుట్టూ మూగిపోయారు. రొయ్యల పొడి అద్దుకున్న జంతిక నమిలిన గైడు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇది ఏ కంపెనీదని అడిగాడు. ఆ రాత్రి మూడో బారుకి దారి చూపించింది గైడు కాదు, కారప్పూస డబ్బా.

గుమ్మంలో ఇచ్చిన షాట్లలో పాలింకా ఒకటి. ప్లమ్ పళ్ళూ ఆప్రికాట్లూ పులియబెట్టి కాచే సారా. హంగరీలో 2010 నుంచి ఇంటి వాడకానికి ఇంట్లోనే కాచుకోనిచ్చారు. నాగాయలంకలో అదే పని బెల్లంతో చేస్తే ఎక్సైజు వాళ్ళు పొయ్యి కూల్చి, ఊట పారబోసి, కుండల పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అక్కడ వారసత్వ సంపద, ఇక్కడ ముద్దాయి నంబరు రెండు.

నిజానికి ఈ వ్యాపారంలో మనకి యూరప్ నేర్పేదేం లేదు, వాళ్ళే మన దగ్గరికొచ్చి తాగి నేర్చుకున్నారు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు గ్లోబ్ అనే ఓడ మీద 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో బందర్లో దుకాణం తెరిచారు. ఊళ్ళో ఇప్పటికీ వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఉన్నాయి. ఇన్ని దేశాల కుర్రాళ్ళు, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, పెళ్ళాం బిడ్డలు లేకుండా, ఓడకి గాలి తిరిగే దాకా పని లేకుండా ఒకే రేవులో పడి ఉంటే దాన్ని ఏమంటారు? ఇంగ్లీషు కోఠీకి పెద్దగా 1618 నుంచి 1622 దాకా ఉన్న విలియం మెత్‌వోల్డ్, ఊరి కట్టుబడి బాగాలేదనీ, ఊరున్న చోటు అంతకన్నా బాగాలేదనీ రాసిపెట్టాడు. ఇవాళైతే ఆ రివ్యూకి రెండు చుక్కలు ఇచ్చి ఉండేవాడు. దివిసీమ నుంచి కృష్ణ పాయ దాటితే అవతల తీరం నిజాంపట్నం, కుంపిణీ వాళ్ళ పెట్టపోలీ. అక్కడున్న థామస్ కోలీ అనే వర్తకుడికి 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే కుంపిణీ మనిషి ఉత్తరం రాస్తూ, ఇల్లు చక్కగా చూసుకోండి అంటూనే పంచ్ సంగతి ఎత్తాడు. ఇంగ్లీషు రాతల్లో ఆ మందు పేరు దొరికే మొదటి చోటు అదేనంటారు. కొలత లేకుండా తాగమన్నాడా, అసలు తాగొద్దన్నాడా అన్నది చదివేవాడి దాహాన్ని బట్టి ఉంటుంది. బందర్లో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, పురావస్తు శాఖ కాపాడుతోంది. చెక్కిన చిహ్నాలతో పెద్ద పెద్ద రాళ్ళు. ఎవరు ఏ జబ్బుతో పోయారో నాకు తెలియదు గానీ, మంచింగ్ లేకుండా తాగి ఉంటారని మా మేనల్లుడి గట్టి నమ్మకం.

ఇక మన సొంత యాత్రకి వద్దాం. దీనికి టికెట్టు లేదు, టీషర్టు లేదు, కానీ ఏర్పాట్లు చూస్తే ఆ ఆస్ట్రేలియా కుర్రాడు మన కాళ్ళకి దణ్ణం పెట్టి శిష్యరికం అడుగుతాడు. మొదటి నిబంధన, సొంత ఊళ్ళో కొనకూడదు. గుడివాడ వాడు పామర్రులో కొంటాడు, పామర్రు వాడు గుడివాడలో కొంటాడు, ఇద్దరూ దారిలో ఎదురుపడితే హెడ్‌లైట్లు ఆర్పుకుంటారు. బందరు వాడికి పెడన ఉంది. అవనిగడ్డ వాడికి పరువు మరీ ఎక్కువ, పులిగడ్డ వారధి దాటి జిల్లాయే మారిపోతాడు. రెండోది, కూర్చునే చోటు. ముదినేపల్లి అవతల చేపల చెరువు గట్టు, కాపలావాడి పాక, పక్కనే ఏరేటర్ల చప్పుడు. ఆ హోరులో మాట బయటికి పోదు, కొర్రమీను వేపుడు మాత్రం ఎక్కడికక్కడే దొరుకుతుంది. మూడోది, బ్యాచ్‌లో తాగనివాడొకడు తప్పనిసరి. థమ్సప్ ఒకటి చేతిలో పట్టుకుని వేపుడంతా వాడే తింటాడు. లెక్క రాసేది వాడే, బండి తోలేది వాడే, అర్ధరాత్రి గుమ్మాల దగ్గర అబద్ధాలాడేదీ వాడే. "ఏం లేదు వదినా, అన్నయ్యకి కాస్త ఎండదెబ్బ తగిలింది." ఇక నాలుగోది జామాకులు. అవి నమిలి వచ్చిన మొగుణ్ణి చూసి ఏ ఇల్లాలూ మోసపోయిన దాఖలా లేదు, అయినా ఆకులు నమలటం ఎవరూ మానలేదు.

ఇంత క్రమశిక్షణ ఊరికే రాలేదు. సర్కారే దగ్గరుండి తర్ఫీదిచ్చింది. నిమ్మకూరులో పుట్టి, గుడివాడ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఆ రెండేళ్ళూ గోదావరి వాళ్ళు పక్కనే ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ యానాం ఉండి బతికిపోయారు. బందర్లో ఉన్న ముక్కని ఫ్రెంచివాళ్ళు 1947లోనే మనకి అప్పగించేశారు. ఇంకో యాభై ఏళ్ళు ఓపిక పట్టి ఉంటే పరాసుపేటలో సెంటు స్థలం రేటు ఎలా ఉండేదో ఊహించుకోండి! ఆ తర్వాత 2019లో ప్రభుత్వమే దుకాణాలు పెట్టి అమ్మింది. లాక్‌డౌన్ సడలించిన 2020 మేలో రెండు విడతల్లో ధర డెబ్బై అయిదు శాతం పెంచింది. అప్పుడు జగ్గయ్యపేట దాటి, గరికపాడు చెక్‌పోస్టు అవతల కోదాడ దాకా సాగిన యాత్రలు మగలూఫ్ వాళ్ళు కలలో కూడా చూసి ఉండరు. పొరుగు రాష్ట్రం నుంచి మనిషి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని హైకోర్టు అనగానే, ఏనాడూ ఇల్లు కదలని తాతగారిని కూడా కారెక్కించారు. మనిషికి మూడు కదా!

పాతిక యూరోల టికెట్టు ఎక్కువని ఇంకా అనుకుంటున్నవాళ్ళు 2024 అక్టోబరు లాటరీ గుర్తు చేసుకోవాలి. రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకి 89,882 దరఖాస్తులు. ఒక్కోదానికి రెండు లక్షలు, దుకాణం వచ్చినా రాకపోయినా తిరిగిరావు. ఒక్క సీసా మూత తియ్యకుండానే ఖజానాకి దాదాపు 1,797 కోట్లు. ఇక్కడ అమ్మేవాడు కూడా టికెట్టు కొనుక్కునే లోపలికి రావాలి, వాడికి గుమ్మంలో ఉచిత షాటు కూడా లేదు.

బుడాపెస్ట్‌లో ఒక్క విషయమే మన పద్ధతికి పడలేదు. వాళ్ళు ఫొటోగ్రాఫర్ని వెంట పెట్టుకు తిరుగుతారు. కెమెరా ఎత్తగానే మావాడి గ్లాసు అలవాటుగా బల్ల కిందికి పోయింది, మొహం సత్యనారాయణ వ్రతంలో కూర్చున్నట్టు మారింది. మిగతా దేశాల వాళ్ళు గ్లాసులు పైకెత్తి అరుస్తున్నారు. తెల్లారేసరికి ఆ బొమ్మ కంపెనీ వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. సాయంత్రానికి చల్లపల్లిలో ఉంది. చల్లపల్లిలో మావాడికి సంబంధం చూస్తున్నారు మరి.

మా బావకి ఫోనొచ్చింది. నేను పక్కనే వీడియో కాల్‌లో ఉన్నాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"అబ్బాయి ఫొటో చూశామండీ. అందరూ ఒకటే రకం టీషర్టులు, చేతికి ఐడీ పట్టీ, పక్కన ఫారిన్ వాళ్ళు. ముచ్చటగా ఉందండీ. చదువు అవకుండానే ఉద్యోగం కూడా వచ్చినట్టు చెప్పలేదే మాకు? పర్మనెంటేనాండీ?"

బావ గొంతు సవరించుకున్నాడు.

"ప్రస్తుతానికి నైట్ షిఫ్టండీ."