కాలేయానికి కోపం, ఆవకాయకి శిక్ష

చైనా చరిత్రలో బాగా పేరుమోసిన తలనొప్పి సావో సావో అనే సేనానిది. నొప్పి వచ్చినప్పుడల్లా హువా తువో అనే వైద్యుడు సూదులు గుచ్చితే తగ్గేది. కొన్నాళ్లకి వైద్యుడికి ఇంటిమీద బెంగ పుట్టింది. సెలవు పెట్టి వెళ్లి, భార్యకి ఒంట్లో బాగాలేదని కబురుచేసి, ఇక తిరిగి రాలేదు. సేనాని ఆరా తీయించాడు, అబద్ధమని తేలింది, క్రీ.శ. 208 ప్రాంతంలో వైద్యుడి ప్రాణం తీయించాడు. తలనొప్పి మాత్రం సేనాని దగ్గరే ఉండిపోయింది. కథ విన్నవాళ్లంతా వైద్యుడి మీద జాలిపడతారు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లం మాత్రం ముందు సేనానికేసి చూస్తాం. వెలుతురు పడక, పోపు వాసన పడక, గది తలుపులేసుకుని పడుకున్నవాడికి వైద్యుడి సెలవు చీటీ చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో మాకు తెలుసు.

సింగపూర్లో మా ఇంట్లో రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం. రెండోది టైగర్ బామ్. దీన్ని సింగపూర్ సరుకనుకుంటారు గానీ, పుట్టింది రంగూన్‌లో, ఒక చైనా వైద్యుడి కొట్లో. మనవాళ్లు ఓడెక్కి ఆ రంగూన్‌కే, మన మాటలో రంగానికి, పోతున్న రోజులవి. ఆ వైద్యుడి కొడుకులు 1920లలో వ్యాపారాన్ని ఇక్కడికి తెచ్చారు. రెండింట్లోనూ కర్పూరం, మెంథాల్ ఉంటాయి. ఏది రాసినా నుదురు చురుక్కుమంటుంది, ఆ చురుకులో అసలు నొప్పి కాసేపు మరుగున పడుతుంది. ఈ మందులు పనిచేసే పద్ధతి కూడా దాదాపు అదే.

ఏ సీసాకీ లొంగని రోజు మా ఆవిడ నన్ను సిన్సే దగ్గరికి బయల్దేరదీసింది. చైనా సంప్రదాయ వైద్యుణ్ణి ఇక్కడ అలాగే పిలుస్తారు. ప్రభుత్వం దగ్గర నమోదైనవాళ్లే వైద్యం చెయ్యాలి. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు కూడా, "వాళ్లు నాడి ఎలా చూస్తారో చూద్దాం పదమ్మా" అంటూ చెప్పులేసుకున్నారు.

సిన్సే నాలుక చాపమన్నాడు. రంగు, పైనున్న పూత, అంచుల మీద పళ్ల గుర్తులు అన్నీ పరిశీలించాడు. తర్వాత మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాడు. ఎడమ చేతిలో గుండె, కాలేయం, మూత్రపిండం. కుడి చేతిలో ఊపిరితిత్తి, ప్లీహం, మళ్లీ మూత్రపిండం. మూడు వేళ్ల కింద ఇంత ఉమ్మడి కాపురం ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. నాడి బిగించిన తీగలా ఉందట. కాలేయంలోని యాంగ్ అనే వేడి శక్తి ఎగసి తలకెక్కిందట. "కోపం ఎక్కువా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఎక్కువేనంది. ఇంగ్లీషు రాని అత్తగారు కూతురి తల చూసి తానూ తలాడించారు. రోగనిర్ధారణ ఏకగ్రీవం.

వాళ్ల లెక్కలో ఒంట్లో శక్తి నాళాల్లో పారుతుంది. నొప్పి నుదుటి మీదైతే ఒక నాళం, మెడ వెనకైతే ఇంకొకటి, నడినెత్తినైతే కాలేయానిది. నాది కణత నొప్పి కాబట్టి పిత్తాశయపు నాళమట. మా ఆవిడ తెలుగులో చెప్పగానే అత్తగారు కుర్చీలోంచి సగం లేచారు. "పైత్యమని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదమ్మా! అల్లుడుగారు వింటేగా!"

ఇక సూదులు. వెంట్రుకంత సన్నం, ఒకసారి వాడి పారేసేవి. కణతకి, పుర్రె కింద మెడ గుంటలకి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చివరికి పాదం మీద. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమని మనం వెక్కిరిస్తాం గానీ, ఇక్కడది పాఠ్యాంశం. గుచ్చినచోట బరువుగా, తిమ్మిరిగా లాగాలట. లాగకపోతే సూది మెలితిప్పుతారు. అది చూసి, లాగుతోందని ముందే ఒప్పేసుకున్నాను.

పొడి కూడా ఇచ్చాడు. చువాన్‌షియోంగ్ అనే వేరు ప్రధానంగా ఉన్న ఈ యోగం సాంగ్ రాజవంశపు సర్కారీ మందుల గ్రంథంలోది. టీతో తాగాలి. అందులో పుదీనా, అతిమధురం ఉన్నాయని తెలిసి అత్తగారు తృప్తిపడ్డారు. పథ్యం చెప్తుంటే మరీ మురిసిపోయారు. మామిడిపండు వేడి, వేపుళ్లు వేడి, బార్లీ నీళ్లు చలవ. సముద్రం అవతల ఇన్నాళ్లకి ఒక బుద్ధిమంతుడు దొరికాడన్నట్టు చూశారు. అంతలో ఊరగాయల సంగతి వచ్చింది. కారం, నూనె, ఆవపిండి అని విని సిన్సే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అత్తగారు రెండు జాడీల ఆవకాయ మోసుకొచ్చిన మనిషి. దారంతా మాట్లాడలేదు. ఇల్లు చేరాక, "నెయ్యేసుకుంటే ఆవకాయ వేడి చెయ్యదు బాబూ, ఆ పిల్లాడికేం తెలుసు" అని తేల్చేశారు. సిన్సేకి అరవై దాటి ఉంటాయి.

ఇంతకీ పని చేస్తుందా? 22 పరీక్షల్ని, దాదాపు 5,000 మంది రోగుల్ని లెక్కలోకి తీసుకున్న 2016 నాటి కోక్రేన్ సమీక్ష, సూదులతో పార్శ్వపు నొప్పి రావడం తగ్గుతుందని, నివారణ మందులకి అవి తీసిపోవని చెప్పింది. ఉత్తుత్తి సూదులకీ అసలు సూదులకీ తేడా ఉంది గానీ చిన్నదేనని కూడా అంది. జర్మనీలో జరిగిన పెద్ద పరీక్షలో శాస్త్రం చెప్పని చోట గుచ్చినా దాదాపు అంతే ఫలితం వచ్చింది. ఈ సంగతి నా కాలేయానికి చెప్పలేదు. నొప్పి రావడం తగ్గింది. అరగంట ఫోను ముట్టుకోకుండా పడుకోబెట్టడం కూడా చికిత్సలో భాగమేనని నా తీర్పు.

పొడుల మీద మాత్రం అంత ఉదారంగా ఉండలేను. పై యోగం పాత పాఠంలో షీషిన్ అనే మూలిక ఉంది. ఆ మొక్కలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాల్ని చెడగొడుతుంది, క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడే మందుల్లో ఈ ఆమ్లమున్న మరో చైనా మూలిక కలిసి ఎంతోమంది ఆడవాళ్ల మూత్రపిండాలు పోయాయి. మూలికేగా, ఏమవుతుందనేవాళ్లకి గన్నేరుపప్పు కూడా చెట్టునే కాస్తుందని చెప్పండి. పొడి కొనేముందు అందులో ఏమున్నాయో రాయించుకుని, మీ డాక్టరుకి చూపించండి. గర్భిణులు సూదుల జోలికి వెళ్లేముందు ఆ మాట తప్పక చెప్పాలి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు తల పగిలినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట తడబడినా నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తండి. సిన్సేల్ని, అత్తగార్లని, హాస్య వ్యాసాలు రాసేవాళ్లని తర్వాత తీరిగ్గా సంప్రదించవచ్చు.