సర్కారు వారి మీటరు

హైదరాబాద్‌లో ఆటో ఛార్జీలు ప్రభుత్వ నియంత్రణలోనే ఉన్నాయి. ఈ మాట నేనంటున్నది కాదు, చట్టమే అంటోంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 67వ సెక్షన్ ప్రకారం ఛార్జీలు ఎంతుండాలో ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ప్రభుత్వం ఆ బాధ్యతను గాలికి వదల్లేదు, ఖరారు చేసింది కూడా: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. కాకపోతే ఖరారు చేసింది 2014లో, ఉమ్మడి రాష్ట్రం సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో. ఆ తర్వాత రాష్ట్రం రెండయింది, ముఖ్యమంత్రులు మారారు, పెద్ద నోట్లు రద్దయ్యాయి, మెట్రో పట్టాలెక్కి దాని కనీస ఛార్జీ కూడా పదినుంచి పదకొండుకు చేరింది. ఆటోవారి ఇరవై మాత్రం పదేళ్లు దాటినా కదల్లేదు. ధరల అదుపులో ఇంతటి ఘనత రిజర్వు బ్యాంకుకు కూడా దక్కలేదు.

ఆ 1.6 ఎక్కడిదని అడక్కండి. అది ఒక మైలు. మన దేశం మెట్రిక్ కొలతలకు చట్టం చేసుకుంది 1956లో. మైలురాళ్లు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, ఆటో కనీస ఛార్జీ మాత్రం ఇంకా దొరగారి మైలు పట్టుకునే నడుస్తోంది. అంటే మనం 2014 రేటు గురించి బాధపడుతున్నాం గానీ, నిజానికి వెనకబాటు అంతకంటే పాతదే.

సరే, ఆ ఇరవై నమ్ముకుని సికింద్రాబాద్ స్టేషన్ బయటికి రండి.

"అన్నా, అమీర్‌పేట వస్తవా?"

"ఎంతిస్తరు?"

67వ సెక్షన్ అక్కడికక్కడే రద్దు. ధర చెప్పాల్సిన మనిషి ధర అడుగుతున్నాడు, పాట మొదలైంది. ఆయన రెండొందలంటాడు. మీరు నూటిరవై అంటారు. ఆయన ట్రాఫిక్ గురించి చెబుతాడు, మీరు పక్క ఆటో వైపు చూస్తారు, ఆయన "ఎక్కండి, ఎక్కండి" అంటాడు. నూటయాభై. ఎనిమిది కిలోమీటర్లని అనుకుంటే ప్రభుత్వ లెక్కలో అది 90 రూపాయల 40 పైసలు. ఆ నలభై పైసలే నాకు ముచ్చటేస్తాయి. రూపాయికే చిల్లర దొరకని ఊళ్లో పైసల దాకా నియంత్రణ!

"మీటరు వెయ్యవా?" అని అడిగారో, ఆయన కోప్పడడు, జాలిపడతాడు. "ఏ ఊరు సార్ మీది?" మీటరు అయితే ఉంటుంది. ఆటో ముందు భాగంలో, హ్యాండిల్‌కు ఎడమవైపు, ఎర్రగుడ్డో దేవుడి దారమో చుట్టుకుని ఉంటుంది. కొన్ని ఆటోల్లో ఫోన్ పెట్టుకునే స్టాండును దాని నెత్తినే బిగించేశారు. కింద సర్కారు వారి మీటరు, పైన యాప్ వెలుగుతున్న ఫోను. హైదరాబాద్ రవాణా విధానం మీద వంద పేజీల నివేదిక రాసినా ఇంత సూటిగా చెప్పలేం.

చీకట్లో కూర్చున్న ఆ మీటరుకు ప్రభుత్వం చేసే సేవ చూస్తే కళ్లు చెమర్చాలి. తూనికలు, కొలతల శాఖ ఏటా దాన్ని పరీక్షించాలి. దూరం సరిగ్గా కొలుస్తోందా, అంకె సరిగ్గా దూకుతోందా చూసి, తీగ చుట్టి సీలు వేయాలి. ప్రయాణికుణ్ణి మీటరు మోసం చెయ్యకూడదని ఈ జాగ్రత్త. ఆన్ చెయ్యని మీటరు ఎవర్నీ మోసం చెయ్యదు కాబట్టి, ఈ శాఖ నూటికి నూరుపాళ్లు విజయం సాధించినట్టే. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారంలోని గడ్డపు మనిషి గంటకోసారి బయటికొచ్చి గంట కొడతాడు, జనం ఎగబడి చూస్తారు. ఆయన పక్కన మన ఆటో మీటరును కూడా పెట్టొచ్చు గానీ, ఆయన పని చేస్తున్నాడు కదా, అదొక్కటే ఇబ్బంది.

ఇందులో డ్రైవరు అమాయకుడని నేననను. నాలుగు చినుకులు పడితే ఆయన రేటుకు రెక్కలొస్తాయి. రాత్రి పదింటికి పెట్టెలతో దిగిన ముసలివాళ్లను చూస్తే ఆ రెక్కలు ఇంకా పెరుగుతాయి. కానీ ఇరవై రూపాయలకు మైలు దూరం నడపమనడం కూడా నియంత్రణ కాదు. ఇప్పుడా ఇరవైకి ఇరానీ చాయ్ వస్తే గొప్ప. కొత్త ఆటోల పర్మిట్ల మీద నగరంలో ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టి, ఉన్న పర్మిట్లు ఫైనాన్షియర్ల చేతుల్లో బంగారమయ్యేలా చేసిందీ సర్కారే. ఆ పర్మిటుకు అప్పు చేసినవాడో, రోజు కిరాయికి బండి తీసుకున్నవాడో ఎలా బతకాలో మాత్రం జీవోలో రాయలేదు.

బతకలేని రేటు పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. ప్రతి డ్రైవరూ నేరస్థుడే అవుతాడు. ఎవరిని ఎప్పుడు ఆపినా కేసు సిద్ధం. అప్పుడప్పుడూ స్పెషల్ డ్రైవ్ అంటారు, జరిమానాలు రాస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. ఆ జరిమానా సాయంత్రం కల్లా నాలుగు సవారీల్లో పంచి వసూలవుతుంది. కట్టింది డ్రైవరు, భరించింది మనం, నియంత్రించింది వాళ్లు.

రేటు సవరించొచ్చు కదా అంటే, ఆ రాజకీయం వేరు. పెంచితే ప్రయాణికుడికి కోపం, పెంచకపోతే డ్రైవరుకు కోపం. కాబట్టి ఛార్జీ జోలికి పోకుండా చేతికి డబ్బులిస్తామంటారు. తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆటోవాళ్లకు ఏడాదికి 12 వేలిస్తామన్న హామీ కూడా అంతకుముందు ఎన్నికల్లో గెలిచిన పార్టీ మేనిఫెస్టోలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2025లో ఉచిత బస్సు పెట్టి, ఆ అక్టోబరులోనే డ్రైవర్ల ఖాతాల్లో 15 వేలు వేసింది. నాయకులు ఖాకీ చొక్కా వేసుకుని ఆటోలో కూర్చుంటే ఫొటో బాగా వస్తుంది. పదకొండును పదిహేను చేసిన ఫైలుతో ఫొటో ఏం దిగుతాం?

పక్క ఊళ్లలో కూడా మనుషులే ఉన్నారు. బెంగళూరులో జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే రవాణా ప్రాధికార సంస్థ 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లను 30 నుంచి 36కి, తర్వాతి కిలోమీటరును 15 నుంచి 18కి పెంచింది. ముంబైలో ఛార్జీలకు ఒక సూత్రం కావాలని హకీం కమిటీ, తర్వాత ఖతువా కమిటీ వేసుకున్నారు. అక్కడ ఆటో కనీస ఛార్జీ 2025 ఫిబ్రవరిలో 26 అయింది. ఇంగ్లండులో అయితే ఊరి కౌన్సిలే టాక్సీ రేటు పెడుతుంది. 1976 నాటి చట్టం ప్రకారం స్థానిక పత్రికలో ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం 14 రోజులు గడువివ్వాలి. అభ్యంతరాలు మన దగ్గరా ఉన్నాయి, అవి రోజూ స్టేషన్ బయట నోటితోనే నమోదవుతుంటాయి.

మనకు తోడు చెన్నై ఉంది. అక్కడ 2013లో పెట్టిన పాతిక రూపాయల కనీస ఛార్జీ అలాగే ఉండిపోతే, 2025 ఫిబ్రవరిలో ఆటో సంఘాలే యాభై అని సొంతంగా ప్రకటించుకున్నాయి. అధికారులు అది చెల్లదన్నారు. నిజమే, చెల్లేది పాతికే, అది ఎవరూ తీసుకోరంతే.

ఇక యాప్‌ల సంగతి. ప్రభుత్వం పడుకున్న చోట వాళ్లు దుకాణం తెరిచారు. వాన పడితే ఒక రేటు, ఆఫీసు వదిలితే ఒక రేటు. కేంద్రం 2025 జులైలో మార్గదర్శకాలిస్తూ, రద్దీ వేళ ప్రాథమిక ఛార్జీకి రెండింతలు మించకూడదంది, సగానికి తగ్గకూడదనీ అంది. బాగానే ఉంది. ప్రాథమిక ఛార్జీ ఎవరు చెప్పాలి? రాష్ట్రం. రాష్ట్రం దగ్గరున్న అంకె ఏది? పదకొండు. ఒకవేళ ఏదైనా తరగతి వాహనానికి రాష్ట్రం చెప్పకపోతే, యాప్ కంపెనీయే తన ప్రాథమిక ఛార్జీ ఎంతో రాష్ట్రానికి తెలియజేయాలట. ఛార్జీ నిర్ణయించాల్సిన సర్కారు "ఎంతిస్తరు?" అని అడిగే డ్రైవరు దగ్గర బాగానే నేర్చుకుంది.

ఈ మధ్య నగరంలో కొత్త ఆటోలకు అనుమతులిచ్చారు. ఎలక్ట్రిక్ బండి, పొగ లేదు, చప్పుడు లేదు, మీటరు ఉంది, సీలు ఉంది, 2014 రేటు ఉంది. కొన్న కుర్రాడు షోరూం ముందు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, తిన్నగా జగదీష్ మార్కెట్‌కు పోతాడు, ఫోన్ స్టాండు కొనడానికి.